విశాఖ తీరంలో పడవపై రాత్రి బస: ఏ లంగరు, ఎంత గొలుసు, ఎక్కడ వేయాలి?

తీరరేఖ

అందరికీ నమస్కారం. మాకు 26 అడుగుల ఫైబర్ తెరచాప పడవ ఉంది. లోపల ముగ్గురు పడుకోవచ్చు. వెనుక చిన్న అవుట్‌బోర్డ్ ఇంజను. సామానుతో కలిపి రెండు టన్నుల బరువు. ఇప్పటిదాకా పొద్దున వెళ్లి చీకటి పడేలోపు తిరిగి వచ్చేవాళ్లం. వచ్చే ఫిబ్రవరిలో నేనూ మా తమ్ముడూ భీమిలి దాకా వెళ్లి, ఒడ్డుకు కాస్త దూరంలో లంగరు వేసుకుని ఆ రాత్రి పడవలోనే గడపాలనుకుంటున్నాం.

పడవతో పాటు వచ్చింది ఆరు కిలోల డాన్‌ఫోర్త్ లంగరు, కదిలే రెండు చదును పలకలు ఉండే రకం. దానికి రెండు మీటర్ల గొలుసు, ముప్పై మీటర్ల తాడు. పగలు గాలానికి ఆగినప్పుడు ఇది ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. రాత్రికి చాలుతుందా? చాలకపోతే మార్చాల్సింది లంగరా, గొలుసా, తాడా? ఇంటర్నెట్‌లో చదివితే ఎవరి దగ్గరున్న లంగరు వాళ్లకు గొప్పగా ఉంది. మన తీరం తెలిసినవాళ్లు చెబితే వినాలని ఉంది.

చుక్కాని

తీరరేఖ గారూ, లంగరు రకాల జోలికి తర్వాత వెళ్దాం. ముందు తాడు లెక్క చూడండి.

మీరు ఏడు మీటర్ల లోతులో ఆగారనుకుందాం. ఆ లోతు పాటు వేళ కొలిచిందైతే, పోటుకు నీరు పెరుగుతుంది. మన దగ్గర పున్నమి, అమావాస్యలప్పుడు ఆ పెరుగుదల సుమారు ఒకటిన్నర మీటరు. నీటి మట్టం నుంచి పడవ ముక్కు దాకా ఇంకో మీటరు. మొత్తం తొమ్మిదిన్నర. చాలామంది నీటి లోతు ఒక్కటే లెక్కలోకి తీసుకుని మిగతా రెండూ వదిలేస్తారు. తాడు ఎక్కువ, గొలుసు తక్కువ ఉన్న మీలాంటి అమరికకు రాత్రిపూట ఏడు రెట్లు వదలాలి. అంటే 66 మీటర్లు. మొత్తం గొలుసే అయితే ఐదు రెట్లతో, 48 మీటర్లతో సరిపెట్టుకోవచ్చు. మీ దగ్గరున్నది అంతా కలిపి 32 మీటర్లు. మూడున్నర రెట్లు కూడా రాదు. మధ్యాహ్నం భోజనానికి ఆగడానికైతే అది సరిపోతుంది. మీరు నిద్రపోతున్నప్పుడు సరిపోదు.

ఇన్ని రెట్లు ఎందుకంటే, లంగరును అడ్డంగా లాగితే ఇసుకలోకి దిగుతుంది, పైకి లాగితే ఊడుతుంది. తాడు పొడవు పెరిగేకొద్దీ లాగుడు నేలకు దగ్గరవుతుంది. గొలుసు చేసే పనీ అదే: బరువుతో నేల మీద పడి ఉండి లంగరు కాడను పైకి లేవనివ్వదు. రెండు మీటర్ల గొలుసు ఆ పని చేయలేదు. కనీసం పది మీటర్లు, 8 మిల్లీమీటర్లది పెట్టండి. మీటరుకు కిలోన్నర లోపే ఉంటుంది, చేత్తో లాక్కోగలరు.

అన్నిటికంటే ముఖ్యం, మన తీరంలో గాలి రాత్రికి తిరగబడుతుంది. మధ్యాహ్నం, సాయంత్రం సముద్రం మీది నుంచి ఒడ్డుకు వీస్తుంది. రాత్రి పొద్దుపోయాక నేల మీది నుంచి సముద్రం మీదికి వీస్తుంది. చలికాలం, ఫిబ్రవరి రాత్రుల్లో ఇది బాగా తెలుస్తుంది. మీరు సాయంత్రం ఐదింటికి లంగరు వేసి, గట్టిగా పట్టిందని చూసుకుని నిశ్చింతగా పడుకుంటారు. అర్ధరాత్రి దాటాక అదే లంగరును గాలి సరిగ్గా ఎదురు దిక్కుకు లాగుతుంది. అందుకే లంగరు కొనేటప్పుడు నేను అడిగే ప్రశ్న ఒక్కటే: తిరగబడి ఊడితే, తనంతట తాను మళ్లీ దిగుతుందా?

తీరరేఖ

ఇంత వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. గాలి మారుతుందని తెలుసు గానీ లంగరుకు దానితో ఇంత పని ఉందని ఆలోచించలేదు. మరి డాన్‌ఫోర్త్ ఇసుకకు చాలా మంచిదని అంతా అంటారు కదా. మనది ఇసుక నేలే కదా?

నీటి అడుగు

నేను ఋషికొండ దగ్గర డైవింగ్ చేస్తుంటాను కాబట్టి కింద ఏముందో కళ్లతో చూసిన సంగతి చెబుతాను.

ఇసుక ఉంది, నిజమే. కానీ అంతటా ఇసుకే అనుకోవద్దు. ఒడ్డున కొండ ఎక్కడ సముద్రంలోకి దిగుతుందో, అక్కడ నీటి కింద కూడా రాయి కొనసాగుతుంది. తెన్నేటి పార్కు కింద, లాసన్స్ బే పక్కన, ఋషికొండ కొమ్ము దగ్గర, మంగమారిపేట వైపు రాళ్లు కనబడుతున్నాయంటే వాటి ఎదురుగా నీటిలోనూ ఉన్నట్టే లెక్క. ఒకే చోట నాలుగు బారలు ఇసుక, ఆ పక్కనే రాతి పలక, దాని మీద వేలెడు మందం ఇసుక పొర. పై నుంచి చూస్తే రెండూ ఒకే రంగు.

ఇక డాన్‌ఫోర్త్. గట్టి ఇసుకలో ఒకే దిక్కుకు లాగుతున్నంతసేపు, దాని బరువుకు అది చూపే పట్టు అబ్బురమనిపిస్తుంది. పదునైన రెండు పలకలూ పూర్తిగా పాతుకుపోయి, పైన కాడ చివర ఒక్కటే కనబడుతుంది. గాలి తిరిగాక ఇలాంటి లంగరునే కింద చూశాను. బోర్లా పడి ఉంది. కాడకూ పలకకూ మధ్య పిడికెడంత రాయి ఇరుక్కుంది. పలకలు కదలాలి, అప్పుడే అది దిగుతుంది. ఆ రాయి వాటిని కదలనివ్వడం లేదు. పడవ అలకు లేచినప్పుడల్లా లంగరు ఇసుక మీద గీత గీసుకుంటూ జానెడు జానెడు జరుగుతోంది. పైనున్నవాళ్లకు ఆ సంగతే తెలియదు, సముద్రం అంత ప్రశాంతంగా ఉంది.

చుక్కాని గారి ప్రశ్నకు నా జవాబు: డాన్‌ఫోర్త్ మళ్లీ దిగుతుందన్న నమ్మకం లేదు. దాన్ని పారేయకండి, రెండో లంగరుగా పనికొస్తుంది.

జాలరి కుర్రాడు

మాది సముద్రం పని చేసే కుటుంబం. మీరు పుస్తకం లెక్కలు చెప్పారు, బాగున్నాయి. మా నాన్న చెప్పే మాటలు కొన్ని కలుపుతాను.

మా పడవల్లో వాడేది నాలుగు కొక్కేల ఇనుప లంగరు, కమ్మరి దగ్గర చేయించినది. రాతిలో ఇరుక్కుంటే గట్టిగా లాగితే కొక్కెం వంగి బయటికి వస్తుంది, ఇంటికొచ్చి సరిచేసుకుంటాం. రాతి నేలకు అది బాగుంటుంది. ఇసుకలో మాత్రం దున్నుకుంటూ వస్తుంది. మాలో ఒకరు మెలకువగా ఉంటారు కాబట్టి మాకు చెల్లుతుంది. మీరు పడుకుంటామంటున్నారు కాబట్టి అది చూసి మోసపోవద్దు.

రెండోది, తాడు మీద చెయ్యి వేసి చూడండి. లంగరు పట్టి ఉంటే తాడు బిగుస్తుంది, సడలుతుంది, అంతే. జారుతుంటే సన్నని వణుకు చేతికి తెలుస్తుంది. రాయి మీదైతే టకటకమని కొడుతుంది. ఏ యంత్రం కంటే ముందు చెయ్యి చెబుతుంది.

మూడోది, మీకు నచ్చకపోయినా చెప్పాలి. మీరు ఆగాలనుకున్న చోటే రాత్రిళ్లు మావాళ్లు వలలు వేస్తారు. దీపం లేని పడవ అడ్డంగా ఉంటే వల పోతుంది, మనుషులకూ ప్రమాదం. సాయంత్రం ఆ ఊరి ఒడ్డున ఉన్నవాళ్లను అడగండి, ఈ రాత్రి వలలు ఎటువైపు అని. ఎవరూ కాదనరు, మంచి చోటు కూడా వాళ్లే చూపిస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్నప్పుడు మరబోట్లు ఉండవు గానీ, అది మీరు వెళ్లే కాలం కాదు.

పాత నావికుడు

వాణిజ్య నౌకల మీద పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. పై మూడు జవాబులూ మంచివే. నియమాల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి అది నేను చెబుతాను.

1972 నాటి అంతర్జాతీయ సముద్ర నియమాల ప్రకారం లంగరు వేసిన చిన్న నౌక రాత్రిపూట చుట్టూరా కనిపించే తెల్లదీపం ఒకటి పెట్టాలి. పగలు నల్లటి గుండు ఒకటి ముందు భాగంలో వేలాడదీయాలి. ఏడు మీటర్ల లోపు పడవలు ఇతర నౌకలు తిరగని చోట ఆగితే మినహాయింపు ఉంది. తీరరేఖ గారి పడవ 26 అడుగులు, అంటే దాదాపు ఎనిమిది మీటర్లు. మినహాయింపు వర్తించదు. మీ దీపం రెండు నాటికల్ మైళ్ల దూరం కనబడాలి. ఎల్‌ఈడీది పెడితే రాత్రంతా వెలిగినా బ్యాటరీకి భారం కాదు. లోపలి లాంతరు కిటికీలోంచి కనబడుతుంది కదా అని ఊరుకోవద్దు.

డాల్ఫిన్ నోస్ చుట్టుపక్కల, హార్బర్ దారిలో, బయట పెద్ద ఓడలు వేచి ఉండే చోట లంగరు ఆలోచన పెట్టుకోవద్దు. నౌకాదళం, పోర్టు రెండింటి ఆంక్షలూ ఉంటాయి. పోర్టు పరిధిలో ఎక్కడ ఆగాలన్నా పోర్ట్ కంట్రోల్ అనుమతి కావాలి. దక్షిణాన గంగవరం వైపూ అంతే. భీమిలి వైపు వెళ్లినా మెరైన్ పోలీసులకు ముందుగా చెప్పి వెళ్లండి. పడవలు మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియో ఉంటే 16వ ఛానల్ మీద చెవి పెట్టి ఉంచండి. ఆపదలో కోస్ట్ గార్డ్ ఫోను నంబరు 1554.

లంగరు జారడం చిన్న పడవలకే అనుకునేవాళ్లు 2020 అక్టోబరు గుర్తు తెచ్చుకోవాలి. తీవ్ర వాయుగుండం వేళ బయట లంగరు వేసి ఉన్న బంగ్లాదేశ్ సరకు ఓడ ఎంవీ మా, పట్టు తప్పి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కింది. నగరమంతా వెళ్లి చూసింది. గాలి వేగం రెట్టింపైతే లంగరు మీద పడే బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. పది నాట్ల (గంటకు పది నాటికల్ మైళ్ల) గాలిలో చక్కగా నిలిచిన లంగరు ఇరవైలో నిలుస్తుందని అందువల్లే అనుకోకూడదు.

గోస్తని

ఇంత హైరానా ఎందుకండీ? గాలి రెండు దిక్కుల నుంచీ వస్తుందని తెలిసినప్పుడు లంగర్లు కూడా రెండు వేస్తే సరి. ఒకటి ఒడ్డు వైపు, ఒకటి సముద్రం వైపు, మధ్యలో పడవ. ఎటు గాలి వీస్తే అటు లంగరు పట్టుకుంటుంది. పడవ తిరిగే చోటు కూడా తగ్గుతుంది. ఇది కొత్త పద్ధతేమీ కాదు, పోటు పాటుల ప్రవాహాలు ఎదురెదురుగా ఉండే చోట్ల పాతకాలం నుంచీ ఉన్నదే.

లేదంటే భీమిలిలో గోస్తనీ నది లోపలికి వెళ్లిపోవచ్చు కదా. అలలే ఉండవు.

చుక్కాని

గోస్తని గారూ, రెండు లంగర్ల పద్ధతి ఇరుకు కాలువల్లో నిజంగా మంచిది. ఇక్కడ నేను ఎందుకు వద్దంటానంటే, పడవ రాత్రంతా ఒకే పక్కకు తిరుగుతూ పోతే రెండు తాళ్లూ పురి పడతాయి. తెల్లవారుజామున ఏదో పడవ మీదికి వస్తోందనో, గాలి పెరిగిందనో హడావుడిగా లేవాల్సి వస్తే, చీకట్లో ఆ పురి విప్పడం ఇద్దరి వల్ల అయ్యే పని కాదు. ఒక మంచి లంగరు వేసి, రెండోది తాడు కట్టి వెనుక సిద్ధంగా పెట్టుకోవాలని నా అభిప్రాయం.

గోస్తని

తాళ్లు ముక్కు దగ్గర కాకుండా నీటి కింద ఒకే కొక్కేనికి కలిపితే పురి సమస్య చాలావరకు తగ్గుతుంది. పడవ తిరగడానికి చోటు లేని దగ్గర నేను ఇప్పటికీ రెండే వేస్తాను. మీరన్న హడావుడి సంగతి మాత్రం ఒప్పుకుంటాను, లేవడానికి సమయం పడుతుంది.

జాలరి కుర్రాడు

గోస్తనీ లోపలికి మాత్రం వద్దు. మొగ దగ్గర ఇసుక మేట ఏ ఏటికాయేడు చోటు మారుతుంది. కిందటి ఏడాది దారి ఈ ఏడాది ఉండదు. పాటు వేళ నది నీరు బయటికి వస్తూ, ఎదురుగా అల వస్తే అక్కడ అల నిటారుగా లేచి విరుగుతుంది. మా పడవలు వెళ్తున్నాయి కదా అని వెనకే వెళ్లకండి. మావి అడుగు బల్లపరుపుగా ఉంటాయి, మీ తెరచాప పడవకు కింద బరువు రెక్క ఉంటుంది. తగిలితే ఆ మేట మీదే ఉండిపోతారు.

తీరరేఖ

చాలా విషయాలు తెలిశాయి. నది ఆలోచన మానుకున్నాం. అయితే కొత్త లంగరు కొనక తప్పదన్నమాట. ఏ రకం, ఎంత బరువు? ఒడ్డుకు ఎంత దూరంలో ఆగాలి? లంగరు దిగిందో లేదో ఎలా తెలుస్తుంది? మా ఇంజను చిన్నది, వెనక్కి లాగే బలం తక్కువ.

చుక్కాని

రకం గురించి. నాగలి ఆకారపు లంగరును 1933లో జెఫ్రీ టేలర్ అనే భౌతిక శాస్త్రవేత్త రూపొందించాడు. సీక్యూఆర్ అన్న పేరుతో అది దశాబ్దాలపాటు చిన్న పడవలన్నిటి మీదా కనిపించింది. కాడ దగ్గర కీలు ఉండటం వల్ల గాలి తిరిగినప్పుడు కొంత సర్దుకుంటుంది, కానీ గట్టి ఇసుకలో పక్కకు పడి ఈడ్చుకుపోవడం దాని బలహీనత. తర్వాత పంజా ఆకారపు బ్రూస్ వచ్చింది. అది త్వరగా పడుతుంది, తిరగబడినా మళ్లీ పడుతుంది, కానీ బరువుకు తగ్గ పట్టు ఇవ్వదు. ఈ ఇరవై, ముప్పై ఏళ్లలో వచ్చినవి వేరు. పార లాంటి ఒంపు పలక, పదునైన మొన, రోక్నా, మాంటస్ లాంటి వాటికి వెనుక అర్ధచంద్రాకారపు కమ్మీ. బోర్లా పడితే ఆ కమ్మీ దాన్ని దొర్లించి మొన నేలకు తాకేలా నిలబెడుతుంది. స్పేడ్ అనే రకానికి కమ్మీ ఉండదు, మొనలో పోసిన సీసం బరువు ఆ పని చేస్తుంది. గాలి తిరగబడే మన తీరానికి నా ఓటు వీటికే. మీ పడవకు పది కిలోలది తీసుకోండి. మీది తేలిక పడవ, కానీ అలకు ఎగిరిపడే చోట ఆగుతున్నారు. నకళ్లు కొనాల్సి వస్తే కాడకూ పలకకూ మధ్య వెల్డింగ్ దగ్గరగా చూడండి. స్టెయిన్‌లెస్ మెరుపు కంటే జింకు పూత ఉన్నదే మేలు.

గొలుసుకూ లంగరుకూ మధ్య షాకిల్ (రెండిటినీ కలిపే ఇనుప కొక్కెం) మేకు రాత్రిపూట కుదుపులకు మెల్లగా విప్పుకుంటుంది. బిగించాక దాని కంటి గుండా తీగ పోసి చుట్టండి. స్వివెల్ (గుండ్రంగా తిరిగే కీలు) అక్కర్లేదు, అదే బలహీనమైన ముక్క అవుతుంది.

తాడు మూడు పురుల నైలాన్, 12 లేక 14 మిల్లీమీటర్లు. నైలాన్ సాగుతుంది, అల కుదుపును తాను తీసుకుంటుంది. ఆకుపచ్చ, నీలం ప్లాస్టిక్ తాడు వాడకండి. అది సాగదు, పైగా నీటి మీద తేలి ఎవరి ఇంజను ఫ్యానుకైనా చుట్టుకుంటుంది. ముక్కు దగ్గర తాడు ఒరుసుకునే చోట పాత తోట పైపు ముక్క చీల్చి తొడగండి. రాత్రంతా ఒకే చోట ఒరుసుకుంటే నైలాన్ లోపలి నుంచి వేడెక్కి తెగుతుంది.

ఇక దూరం. సాయంత్రపు గాలిలో లంగరు వేస్తే మీ పడవ దానికి ఒడ్డు వైపు ఉంటుంది. అరవై ఆరు మీటర్ల తాడు, పడవ పొడవు కలిపితే లంగరు నుంచి డెబ్బై మీటర్ల పైనే. రాత్రి గాలి తిరిగితే అంతే దూరం సముద్రం వైపు. అంటే మీరు ఆక్రమించేది 150 మీటర్ల వలయం. ఒడ్డు వైపు అంచు, అలలు విరిగే గీతకు బాగా ఎడంగా ఉండాలి. రాత్రి లంగరు జారితే మీరు పోయేది లోతు వైపు. ఒడ్డు తగలదు కదా అని సంతోషించకండి. లోతు పెరిగేకొద్దీ తాడు రెట్లు తగ్గుతాయి, జారేది ఇంకా జారుతుంది.

నీటి అడుగు

వేసే తీరు గురించి ఒక మాట. తాడంతా ఒక్కసారి నీటిలో పారబోయకండి. కుప్పగా లంగరు మీదే పడి కొమ్ముకు చుట్టుకుంటుంది. గాలికి ఎదురుగా వెళ్లి పడవ పూర్తిగా ఆగాక మెల్లగా దించండి. నేల తగిలాక పడవ వెనక్కి జరుగుతుంటే దానికి తగ్గట్టు వదలండి. మూడు రెట్లు వదిలాక ఒకసారి ముడి వేసి ఆపండి, ముక్కు గాలి వైపు తిరిగి తాడు బిగుస్తుంది. అప్పుడు మిగతాది వదిలి ఇంజను వెనక్కి, మొదట తక్కువగా, తర్వాత పూర్తిగా, నిమిషం సేపు. మీ ఇంజను చిన్నదైనా ఆ నిమిషం మానకండి. పడవకు పక్క వైపున, ఒడ్డు మీద ఒకదాని వెనుక ఒకటి ఉన్న రెండు గుర్తులు చూసుకోండి, పావురాలకొండ మీద ఒకటి, ఒడ్డు మీద దీపస్తంభం ఒకటి. ఇంజను లాగుతున్నప్పుడు అవి ఒకే గీతలో నిలిచి ఉంటే లంగరు దిగినట్టు. పక్కకు జరుగుతుంటే మళ్లీ ఎత్తి మొదటి నుంచి వేయాల్సిందే. ఫోనులో జీపీఎస్ అలారం పెట్టుకోండి, కానీ వలయం లంగరు పడిన చోటు నుంచి గీయండి, మీరు పడుకున్న చోటు నుంచి కాదు.

నేల ఏమిటో తెలియాలంటే లోతు కొలిచే సీసపు గుండు అడుగున గుంట చేసి గ్రీజు పెట్టి దించండి. ఇసుక అంటుకుని వస్తే ఇసుక. శుభ్రంగా వస్తే, అందులోనూ గ్రీజు మీద గీతలు పడితే, కింద రాయి. అక్కడ వద్దు.

పాత నావికుడు

వెళ్లేముందు ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) వారి సముద్ర స్థితి సూచన చూడండి. అల ఎత్తు ఒక్కటే కాదు, అలకూ అలకూ మధ్య సెకన్లు చూడండి. దక్షిణం నుంచి దూరపు అలలు వస్తుంటే గాలి లేకపోయినా పడవ రాత్రంతా ఊగుతుంది. నేలగాలికి ముక్కు ఒడ్డు వైపు, అల వెనుక పక్క నుంచి. నిద్ర పట్టదు. అప్పుడు లంగరు తాడుకు ఇంకో తాడు కట్టి వెనుక పక్కకు తెచ్చి బిగిస్తే పడవ ఏటవాలుగా నిలిచి అలకు వెనుక భాగం నేరుగా చూపిస్తుంది, ఊపు తగ్గుతుంది. మే నెలలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అల్పపీడనం మాట వినబడితే ప్రయాణం మానండి. 2014లో హుద్‌హుద్ తర్వాత హార్బర్ చూసినవారికి ఈ మాట విడిగా చెప్పనక్కర్లేదు.

తీరరేఖ

పది కిలోల కొత్త రకం లంగరు, పది మీటర్ల గొలుసు, డెబ్బై మీటర్ల నైలాన్ తాడు కొంటున్నాం. డాన్‌ఫోర్త్ వెనుక సిద్ధంగా ఉంటుంది. రెండు చిన్న సందేహాలు. లంగరు రాతిలో ఇరుక్కుంటే తీయడానికి బోయ (నీటి మీద తేలే గుర్తు) కట్టాలా? చీకట్లో ఎంత తాడు వదిలామో తెలిసేదెలా?

జాలరి కుర్రాడు

బోయ కడితే రాత్రి దాన్ని వల గుర్తు అనుకుని మావాళ్లే ఎత్తుతారు. లంగరు వెనుక కంటికి సన్నని తాడు కట్టి, ఆ కొస మీ పడవకే తెచ్చుకోండి. కొంచెం వదులుగా ఉంచండి. ఏ ఊరి ముందు ఆగుతారో ముందే నాకు వేరుగా సందేశం పెట్టండి, అక్కడ ఎవరిని కలవాలో చెబుతాను.

చుక్కాని

తాడుకు ప్రతి పది మీటర్లకూ తోలు ముక్క పురి మధ్యలోకి దూర్చి కుట్టండి. పదికి ఒకటి, ఇరవైకి రెండు, ముప్పైకి మూడు. రంగు వేస్తే చీకట్లో కనబడదు, తోలు ముక్కలు వేళ్లకు తగులుతాయి. తాడు ఇంటికి రాగానే, పడవలో చుట్టిపెట్టకముందే కుట్టేయండి.